పాత వాక్యూమ్ క్లీనర్: వయసెంత, వాసి ఎంత?

అమెరికాలోనో ఇంగ్లండులోనో పాత సామాను అమ్మే చోట ఇలాంటి మాట తరచూ కనబడుతుంది: "1930ల నాటి వాక్యూమ్ క్లీనర్, అసలు సిసలు యాంటిక్, ఇప్పటికీ బ్రహ్మాండంగా పనిచేస్తోంది." చదవగానే నమ్మాలనిపిస్తుంది. కానీ ఆ ఒక్క వాక్యంలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి: అది ఎప్పటిది, అరుదైనదా కాదా, పనితనం ఎలాంటిది. ఒకదానికి రుజువు దొరికితే మిగతా రెండూ రుజువైనట్టు కాదు. డెబ్బై ఏళ్ల యంత్రం నాసిరకంది కావచ్చు, పాతికేళ్లది మేలైనది కావచ్చు. ఈ గందరగోళంలో సగం వయసునూ పనితనాన్నీ ఒకే ప్రశ్న అనుకోవడం వల్ల వచ్చిందే.

మన ఇళ్లలో ఈ వస్తువుకి పెద్ద చరిత్ర లేదు. నాపరాళ్లు, గచ్చు, మొజాయిక్ ఉన్నచోట చీపురు, తడిగుడ్డ చాలు. గోడ నుంచి గోడ దాకా తివాచీ పరిచే చలిదేశాల్లో పుట్టిన యంత్రం ఇది, కాబట్టి దాని కథంతా ప్రధానంగా అక్కడే నడిచింది. మన అటకల మీద ఉన్నవాటి సంగతికి తర్వాత వద్దాం.

యాంటిక్ వేరు, వింటేజ్ వేరు

యాంటిక్ అనే మాటకి చట్టంలోనే ఒక లెక్క ఉంది. అమెరికా కస్టమ్స్ నిబంధనల ప్రకారం నూరేళ్లు దాటాలి. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం కూడా, రాతప్రతుల్లాంటి వాటిని మినహాయిస్తే, నూరేళ్లే అంటుంది. ఆ లెక్కన 1930ల యంత్రం ఇంకా యాంటిక్ కాలేదు. వింటేజ్ అన్న మాటకి ఇలాంటి గీత ఏదీ లేదు. ఇరవై ముప్పై ఏళ్లు దాటి, తన కాలపు పోకడ ఇంకా కనబడే వస్తువును వ్యాపారులు అలా పిలుస్తారు. ఇంకో చిక్కు కూడా ఉంది. బ్రిటన్‌లో 'హూవర్' అంటే కంపెనీ పేరు మాత్రమే కాదు, మనం ఏ వనస్పతినైనా డాల్డా అన్నట్టు అక్కడ ఏ వాక్యూమ్ క్లీనరైనా హూవరే. "అమ్మమ్మగారి హూవర్" అని రాసినంత మాత్రాన అది ఆ కంపెనీది అవ్వాలని లేదు.

గుర్రబ్బండి నుంచి దిండుగలీబు దాకా

1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజినీరు ఒక యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందున్నవాటిలో కొన్ని గాలిని ఊది దుమ్మును ఎగరగొట్టేవి. దుమ్మును ఊదడం కాదు, పీల్చాలని బూత్ ఆలోచన. ఆ యంత్రం ఇంట్లో పట్టేది కాదు. గుర్రబ్బండి మీద వీధిలో నిలబెట్టి, పొడవాటి గొట్టాలను కిటికీల్లోంచి లోపలికి పంపేవారు. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ ఆబీలో తివాచీలు శుభ్రం చేసింది అలాంటిదే.

ఇంట్లో ఒక్కరే తోసుకునే విద్యుత్ యంత్రాన్ని బజారుకి తెచ్చిన కథ అమెరికాలోని ఓహాయోలో మొదలైంది. కాంటన్ ఊళ్లో జేమ్స్ మరే స్పాంగ్లర్ ఒక దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. ఆయనకి ఉబ్బసం. ఊడ్చేటప్పుడు లేచే దుమ్ముతో ప్రాణం మీదికొచ్చేది. ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండుగలీబు కలిపి తనకోసం ఒక యంత్రం కట్టుకున్నాడు. 1908 జూన్ 2న దానికి 8,89,823 నంబరు పేటెంటు వచ్చింది. తోలు సామాన్ల వ్యాపారి విలియమ్ హూవర్ దాన్ని కొని, అదే ఏడాది 'మోడల్ ఓ' పేరుతో 60 డాలర్లకు అమ్మకానికి పెట్టాడు.

స్పాంగ్లర్ దారిలో వచ్చినవి నిలువు కర్రతో తోసేవి, అప్‌రైట్లు. స్వీడన్‌కి చెందిన ఎలక్ట్రోలక్స్ 1921లో తెచ్చిన 'మోడల్ ఫైవ్' ఇంకో దారి పట్టింది. నేల మీద జారే స్కీ లాంటి పట్టీల మీద పడుకున్న గొట్టం ఆకారం, ముందు పొడవాటి పైపు. దీన్ని సిలిండర్ రకం అంటారు. ఈ రెంటి మధ్య తేడా రూపంలో మాత్రమే లేదు. పాత అప్‌రైట్లలో చాలావాటికి దుమ్ము ముందు ఫ్యానులోంచి దూరి, తర్వాత సంచిలోకి వెళుతుంది. సిలిండర్ రకంలో సంచి ముందుంటుంది, వడకట్టిన గాలే ఫ్యానుకి చేరుతుంది. నాణ్యత దగ్గరికొచ్చేసరికి ఈ తేడా చాలా పనికొస్తుంది.

తేదీ దొరకదు, హద్దులు దొరుకుతాయి

కారుకి ఉన్నట్టు వీటికి పుట్టిన తేదీ రాసిపెట్టిన కాగితం సాధారణంగా ఉండదు. యంత్రం అడుగునో వెనకనో ఉండే చిన్న లోహపు నేమ్‌ప్లేటే జాతకం. దాని మీది ప్రతి గుర్తూ రెండు మాటల్లో ఒకదాన్నే చెబుతుంది: "ఇంతకంటే ముందుది కాదు" లేదా "ఇంతకంటే తర్వాతది కాకపోవచ్చు". మొదటి రకం గట్టి సాక్ష్యం. రెండోది కొంచెం మెతక.

ఒక అమెరికన్ యంత్రాన్ని ఊహించుకుందాం. పాలిష్ చేసిన అల్యూమినియం బాడీ, చూస్తే 1930ల దానిలా ఉంది. నేమ్‌ప్లేటు మీద నాలుగైదు పేటెంటు నంబర్లున్నాయి. వాటిలో పెద్దది 25,10,000 దగ్గర ఉంది. అమెరికాలో 20 లక్షలో పేటెంటు 1935 ఏప్రిల్ 30న, 30 లక్షలో పేటెంటు 1961 సెప్టెంబరు 12న వచ్చాయి. 1950లో ఇచ్చిన మొదటి పేటెంటు నంబరు 24,92,944. అంటే మన 25,10,000 నంబరు 1950 నాటిది. ఆ అంకె చెక్కిన పలక 1949లో తయారయ్యే వీలే లేదు. "1930ల నాటిది" అన్న మాట ఇక్కడే వీగిపోయింది.

ఇప్పుడు చిరునామా చూద్దాం. ఊరి పేరు పక్కన ఒకటో రెండో అంకెలు మాత్రమే ఉన్నాయి, "క్లీవ్‌లాండ్ 2, ఓహాయో" అన్నట్టు. పెద్ద నగరాలకు ఇలాంటి తపాలా జోన్ల నంబర్లు 1943లో మొదలయ్యాయి. 1963 జులైలో ఐదంకెల జిప్ కోడ్ వచ్చింది. రెంటినీ కలిపితే 1950 నుంచి 1963 వరకు, లేదా ఆ తర్వాత ఒకటి రెండేళ్లు. పాత పలకల నిల్వ అయిపోయేదాకా ఏ ఫ్యాక్టరీ అయినా వాడుతుంది కదా, అందుకే ఆ వెసులుబాటు.

ఇదే యంత్రం మీద పెద్ద నంబరు 19 లక్షలే ఉండి ఉంటే? అప్పుడు "1935కి ముందుది" అనేయలేం. ఆనాడు అమెరికన్ పేటెంటు గడువు మంజూరైన నాటి నుంచి 17 ఏళ్లు. 1933లో వచ్చిన పేటెంటును 1948లో తయారైన యంత్రం మీద కూడా ముద్రించుకోవచ్చు. పేటెంటు నంబరు కింది హద్దునే చెబుతుంది, పై హద్దును చెప్పదు. అమ్మేవాళ్లలో చాలామంది పొరబడేది ఇక్కడే.

యుద్ధం కూడా ఒక గీత గీసింది. 1942లో అమెరికా ప్రభుత్వం ఇంటి వాక్యూమ్ క్లీనర్ల తయారీని ఆపించి ఆ ఫ్యాక్టరీలను యుద్ధ సామగ్రికి మళ్లించింది. కాబట్టి "1944 అమెరికన్ మోడల్" అని ఎవరైనా అంటే కొంచెం ఆగాల్సిందే.

బ్రిటిష్ యంత్రాలకు ఆనవాళ్లు వేరు. హూవర్ ప్లేటు మీద 'పెరివేల్' అని ఉంటే, లండన్ పడమటి అంచున 1933లో తెరిచిన ఆ తెల్లటి ఆర్ట్ డెకో భవనం గుర్తు. అక్కడ ఫ్యాక్టరీ 1982లో మూతబడింది. అయితే అది కంపెనీ చిరునామా, యంత్రం పుట్టిన చోటని ఖాయంగా చెప్పలేం. యుద్ధం తర్వాత స్కాట్లాండులోని క్యాంబస్‌లాంగ్ ఫ్యాక్టరీ కూడా ఈ యంత్రాలను తయారు చేసింది. వోల్టేజీ దగ్గర ఏసీ, డీసీ రెండూ రాసి ఉంటే కొన్ని వీధులకి ఇంకా డీసీ కరెంటు వస్తున్న రోజుల ఆనవాలు. 240 స్థానంలో 230 కనబడితే 1990ల్లోనో ఆ తర్వాతో తయారైందని అనుమానించాలి. 'పశ్చిమ జర్మనీ' అని ఉంటే 1949కీ 1990కీ మధ్యది. యూరప్ ప్రమాణాలకు సరిపోతుందని చెప్పే సీఈ గుర్తు 1990ల్లో వచ్చింది. మామూలు చెత్తలో వేయొద్దని చెప్పే, కొట్టివేసిన చెత్తబుట్ట బొమ్మ 2005 నుంచి కనబడుతుంది.

రూపం చెప్పే అబద్ధాలు

అందరూ ముందు చూసేది రూపమే, అన్నింటికంటే బలహీనమైన సాక్ష్యమూ అదే. రూపానికి అసలు విలువ లేదని కాదు. డిజైనర్ హెన్రీ డ్రేఫస్ 1936లో హూవర్ మోడల్ 150కి వేసిన నున్నటి బేకలైట్ (తొలినాళ్ల ప్లాస్టిక్) మూత చూస్తే ఆనాటి రైలింజన్లు గుర్తొస్తాయి. హూవర్ కాన్‌స్టెలేషన్ 1950ల అంతరిక్ష మోజుకి ప్రతిరూపం. గుండ్రటి గోళం, తను వదిలే గాలి మీదే తేలుతూ కదులుతుంది. నారింజ, ముదురు గోధుమ రంగులు కనబడితే 1970లు తలపుకొస్తాయి. కానీ ఆ కాన్‌స్టెలేషన్ రూపాన్నే 2000ల్లో మళ్లీ తయారు చేసి అమ్మారు. లరెల్ గిల్డ్ రూపకల్పన చేసిన ఎలక్ట్రోలక్స్ మోడల్ 30 వచ్చింది 1937లో, కానీ 1950ల దాకా కొనసాగింది. "1937 మోడల్" అనేది నిజమే, "1937లో తయారైంది" అనేది మాత్రం వేరే మాట. ఇంగ్లండులో న్యుమాటిక్ కంపెనీ చేసే నవ్వు మొహం హెన్రీ 1980ల నుంచి దాదాపు అదే మొహంతో నవ్వుతున్నాడు.

మరమ్మతులు ఇంకో తికమక. అమెరికాలో వాక్యూమ్ దుకాణాలు పాత యంత్రాలను విప్పి, కొత్త వైరు, సంచి, గొట్టం వేసి, పాలిష్ పెట్టి తిరిగి అమ్మడం దశాబ్దాల వ్యాపారం. కర్బీ లాంటి కంపెనీలయితే పాత యంత్రాన్ని ఫ్యాక్టరీకే తెప్పించుకుని కొత్తదానిలా చేసి పంపుతాయి. సీరియల్ నంబరు 1970ల నాటిది, తళతళ మొన్నటిది. తాత గొడ్డలికి నాన్న పిడి మార్చాడు, మనవడు తల మార్చాడు అన్న పాత హాస్యం లాంటి పరిస్థితి. అందుకని సేకర్తలు వైరు, సంచి, బెల్టు, చక్రాలు లాంటివాటిని తేదీకి లెక్కలోకి తీసుకోరు. బాడీ పోత, మోటారు, నేమ్‌ప్లేటు, ఈ మూడూ ఒకే కాలాన్ని చూపిస్తున్నాయా అని చూస్తారు.

అటక మీది యూరోక్లీన్

మన దగ్గర ఈ పద్ధతి పనికొచ్చే యంత్రం ఏదంటే యూరోక్లీన్. అప్పట్లో టాటాలకు చెందిన ఫోర్బ్స్, స్వీడన్ ఎలక్ట్రోలక్స్ కలిసి 1982లో యురేకా ఫోర్బ్స్ పెట్టాయి. టై కట్టుకున్న కుర్రాడు తలుపు తట్టి, మనం శుభ్రంగా ఉందనుకున్న పరుపులోంచి దుమ్ము తీసి చూపించి ఇంటావిడను నివ్వెరపరచడం హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో ఒక తరానికి గుర్తే. చాలా ఇళ్లలో ఆ ఉత్సాహం ఆర్నెల్లకి తగ్గి, యంత్రం అట్టపెట్టెతో సహా అటకెక్కింది.

అలాంటి ఒక పెట్టె దించామనుకోండి. కంపెనీ పేరే 1982 అనే కింది హద్దును ఇచ్చేసింది. ఊరి పక్కన ఆరంకెల పిన్ కోడ్ ఉంది, కానీ అది 1972లోనే మొదలైంది కాబట్టి కొత్తగా ఏమీ చెప్పదు. ఊరి పేరు 'బొంబాయి' అని ఉంది. 1995లో అది ముంబయి అయింది. పాత ముద్రణ నిల్వలకి ఒకటి రెండేళ్లు కలిపితే 1982 నుంచి 1997 వరకు, పదిహేనేళ్ల విస్తీర్ణం. ఇక్కడి నుంచి యంత్రం నోరు విప్పదు. గ్యారంటీ కార్డు మీద బాల్‌పెన్నుతో రాసిన తేదీయో, బీరువాలో దాచిన రశీదో, "పాప పుట్టిన ఏడాది కొన్నాం" అన్న అమ్మ జ్ఞాపకమో ఆ పదిహేనేళ్లను ఒక్క ఏడాదికి కుదిస్తుంది.

వాట్లు ఎక్కువైతే పీల్చేది ఎక్కువా?

ఇక నాణ్యత. ఇక్కడ అందరూ పట్టుకునే అంకె వాట్లు. నేమ్‌ప్లేటు మీది వాట్లు యంత్రం ఎంత కరెంటు తాగుతుందో చెబుతాయి, ఎంత పని చేస్తుందో చెప్పవు. ఎద్దు తిన్న మేత చూసి ఎంత దున్నిందో లెక్కకట్టడం లాంటిది ఇది.

పీల్చే పనికి రెండు కొలతలు కావాలి. ఒకటి లాగే బలం, దాన్ని కిలోపాస్కల్స్‌లో కొలుస్తారు. రెండోది సెకనుకి ఎన్ని లీటర్ల గాలి కదులుతోంది. ఈ రెంటినీ గుణిస్తే వచ్చేదే గాలి శక్తి, ఎయిర్‌వాట్లు అని పిలిచేది దాదాపు దీన్నే. గొట్టం మూతికి అరచెయ్యి పూర్తిగా అడ్డుపెట్టండి: చెయ్యి అతుక్కుపోతుంది, బలం గరిష్ఠం, గాలి మాత్రం సున్నా. చెయ్యి తీసేయండి: గాలి గరిష్ఠం, బలం దాదాపు సున్నా. రెండు సందర్భాల్లోనూ గుణిస్తే వచ్చేది సున్నానే. అసలు పని ఈ రెంటి నడుమే జరుగుతుంది. బౌలింగ్ బంతిని గొట్టంతో పైకి లేపి చూపించే అమ్మకపు విద్య ఎంత ముచ్చటగా ఉన్నా, తివాచీ గురించి అది పెద్దగా ఏమీ చెప్పదు.

ఉదాహరణకి రెండు ఊహా యంత్రాలు తీసుకుందాం. మొదటిది 1990ల చివరి 1800 వాట్ల ప్లాస్టిక్ యంత్రం. పనిచేసే స్థితిలో 10 కిలోపాస్కల్స్, సెకనుకి 25 లీటర్లు: 10 × 25 = 250 వాట్ల గాలి శక్తి. రెండోది 1960ల 600 వాట్ల లోహపు సిలిండర్. 6 కిలోపాస్కల్స్, 20 లీటర్లు: 120 వాట్లు. కొత్తది మూడింతలు కరెంటు తాగి రెండింతలు మాత్రమే పీల్చింది. అలాగని పాతది గెలిచిందనీ కాదు, 250 ఎప్పుడూ 120 కంటే ఎక్కువే. మనం తాగినదాన్ని అడుగుతున్నామా, పీల్చినదాన్ని అడుగుతున్నామా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

తివాచీ మీద ఈ లెక్క కూడా చాలదు. నూలు మొదళ్లలో ఇరుక్కున్న ఇసుక గాలికి మాత్రమే లొంగదు, దాన్ని కదిలించాలి. 1926లో హూవర్ తన మోడల్ 700లో బ్రష్ రోలరుకి లోహపు కమ్మీలు అమర్చింది ఇందుకే. అవి తివాచీని కొడుతూ దుమ్మును వదులు చేస్తాయి. అందువల్ల పీల్చే అంకె తక్కువున్న పాత అప్‌రైట్ తివాచీ మీద గట్టి పోటీ ఇవ్వగలదు. అదే యంత్రం మన మొజాయిక్ మీద పప్పు గింజల్ని నాలుగు మూలలకీ ఎగరగొట్టేస్తుంది.

యూరప్‌లో ఈ కొలతల గొడవ కోర్టు దాకా వెళ్లింది. యూరోపియన్ యూనియన్ 2014 సెప్టెంబరు నుంచి 1600 వాట్లు, 2017 సెప్టెంబరు నుంచి 900 వాట్లు అని పరిమితి పెట్టింది. ఆ ప్రకటన రాగానే కొందరు పాత ఎక్కువ వాట్ల యంత్రాల కోసం దుకాణాలకు పరుగెత్తారు. యూనియన్ వాదన ఏమిటంటే, కంపెనీలు పని పెంచకుండా వాట్లు పెంచుకుంటూ పోతున్నాయి, పరిమితి పెడితే డిజైన్ మెరుగవుతుంది. అలా మెరుగైన యంత్రాలు వచ్చాయి కూడా. ఆ పరిమితితో పాటు వచ్చిన విద్యుత్ రేటింగు లేబుల్ మీద మాత్రం వాక్యూమ్ క్లీనర్ల కంపెనీ డైసన్ దావా వేసింది. ఖాళీ సంచితో పరీక్షించి ఇచ్చిన రేటింగు ఇంట్లో సంచి నిండుతున్నప్పటి పనిని చూపదన్నది దాని అభ్యంతరం. 2018 నవంబరులో యూరప్ జనరల్ కోర్టు ఆ లేబుల్ నిబంధనను కొట్టేసింది. సంచి లేని యంత్రాలమ్మే కంపెనీకి ఆ వాదనలో సొంత లాభం ఉన్నమాట నిజమే, వాదన సరైనదన్నదీ నిజమే.

"పాతవే గట్టివి" నిజమెంత?

ఈ మాటను సమర్థించేవారి దగ్గర బలమైన కారణాలున్నాయి. పోత అల్యూమినియం బాడీ అంత తేలిగ్గా పాడవదు. స్క్రూలు విప్పితే ప్రతి భాగం చేతికొస్తుంది. ధర కూడా ఆ స్థాయిలోనే ఉండేది: 1908 నాటి 60 డాలర్లంటే, 1914లో అందర్నీ ఆశ్చర్యపరిచిన ఫోర్డు కంపెనీ రోజు కూలి 5 డాలర్ల లెక్కన కూడా పన్నెండు రోజుల సంపాదన. అంత పెట్టి కొన్న వస్తువు జీవితాంతం ఉండాలని కొన్నవాళ్లూ అనుకున్నారు, చేసినవాళ్లూ అనుకున్నారు.

రెండో పక్షం అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది: చెడిపోయినవి ఎక్కడ? వెయ్యి అమ్ముడైతే 980 ఎప్పుడో తుక్కులోకి పోయాయనుకుందాం. మనకి కనబడేవి మిగిలిన ఇరవయ్యే. ఆ ఇరవయ్యీ గట్టివి కాబట్టే మిగిలాయి, లేదా ఎవరూ వాడక మూల పడి ఉన్నాయి. వాటిని చూసి వెయ్యీ గట్టివే అనడం, ఊళ్లో ఉన్న తొంభై ఏళ్ల తాతను చూసి "ఆ రోజుల్లో అందరూ నూరేళ్లు బతికేవాళ్లు" అన్నట్టే. పైగా ధరంతా ఇనుములోకి పోలేదు. ఇంటింటికీ తిరిగి అమ్మిన కంపెనీల ధరలో అమ్మినవాడి కమిషన్ కూడా ఉంది.

నాకైతే రెండో పక్షం లెక్క సరైనదనిపిస్తుంది, మొదటి పక్షం పరిశీలన కూడా సరైనదే అనిపిస్తుంది. పాతవాటికి కచ్చితంగా ఉన్న గొప్ప మన్నిక కంటే విప్పి బాగుచేసే వీలు. వాటికి లేనిది వడపోత. గుడ్డ సంచి పెద్ద దుమ్మును ఆపి, ఊపిరితిత్తుల దాకా పోయే సన్నటిదాన్ని గదిలోకే తిరిగి వదులుతుంది. ఉబ్బసం ఉన్న స్పాంగ్లర్, ఆ సన్నటి దుమ్మును కూడా పట్టే ఈనాటి హెపా ఫిల్టరు చూస్తే ఏమనేవాడో!

మూత విప్పితే కనబడేవి

ఈ యంత్రాల గుండె యూనివర్సల్ మోటారు, మిక్సీలో ఉండేలాంటిదే. తీగ చుట్టి ఉన్న, తిరిగే భాగం ఆర్మేచర్, దాని చివర రాగి పలకల కమ్యుటేటర్, దాన్ని ఒరుసుకుంటూ రెండు కార్బన్ బ్రష్‌లు. కమ్యుటేటర్ మీద నున్నటి గోధుమ రంగు పొర ఆరోగ్యానికి గుర్తు. కాలిన నల్లటి చారలు, తిరిగేటప్పుడు చుట్టూ నిప్పుల వలయం వైండింగు దెబ్బతిన్నదని చెబుతాయి. చిన్నచిన్న నీలి మెరుపులు మామూలే. దుమ్ము ఫ్యానులోంచి పోయే పాత అప్‌రైట్లలో ఫ్యాను రెక్కల్ని ప్రత్యేకంగా చూస్తారు. ఏళ్ల తరబడి రాళ్లు, హెయిర్‌పిన్నులు తగిలి రెక్క విరిగితే తూకం తప్పి యంత్రమంతా వణుకుతుంది, ఆ వణుకు బేరింగుల్ని తినేస్తుంది. సిలిండర్ రకానికి ఈ బాధ లేదు, అక్కడ గొట్టం చీలికలు, మూత రబ్బరు ఎండిపోవడం అసలు రోగాలు.

"ఇప్పటికీ పనిచేస్తోంది" అన్న మాటకి అన్నింటికంటే పెద్ద పరీక్ష కరెంటు దగ్గరుంది. లోహపు బాడీ, రెండు వైర్ల త్రాడు, ఎర్తు లేదు, లోపల డెబ్బై ఏళ్ల రబ్బరు తొడుగు బిస్కెట్టులా పెళుసెక్కింది: ఇలాంటి యంత్రం చక్కగా తిరుగుతూనే షాకు కొట్టగలదు. నేమ్‌ప్లేటు మీద చతురస్రంలో చతురస్రం బొమ్మ ఉంటే రెండు పొరల ఇన్సులేషన్ ఉన్నట్టు, ఎర్తు అక్కర్లేకుండా రూపొందించినట్టు. పాత లోహపు యంత్రాల్లో అది కనబడటం అరుదు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో గరాజ్ సేల్‌లో మోజుపడి కొని సూట్‌కేసులో హైదరాబాదు తెచ్చుకునేవాళ్లకి ఇంకో అంకె ఉంది. అక్కడిది 120 వోల్టులు, ఇక్కడిది 230. 60 హెర్ట్జ్, 50 హెర్ట్జ్ తేడా ఈ రకం మోటారుకి లెక్కలోది కాదు, వోల్టేజీ తేడా మాత్రం కొద్దిసేపట్లోనే వైండింగును కాల్చేస్తుంది. మోటారు వాట్లకు తగ్గ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తరచూ యంత్రమంత బరువు తూగుతుంది. అందుకే అలా వచ్చినవాటిలో చాలావరకు షోకేసులోనే నిలబడి ఉంటాయి, వాటి మీద పడిన దుమ్మును చీపురే దులుపుతుంది.